నూకరత్నం బంతి ఇంకా పడలేదు

ముత్యాలమెట్ట గోల్ఫ్ క్లబ్బులో మగవాళ్ల ప్రొఫెషనల్ టోర్నమెంటు తొలిరోజు ఉదయం పైలా నూకరత్నం కొట్టిన బంతి తొమ్మిదేళ్లుగా గాలిలోనే ఉంది. ఆడమనిషి కొట్టిన బంతి మగవాళ్ల పోటీలో కింద పడవచ్చునో లేదో కమిటీ ఇంకా తేల్చలేదు. బంతి మటుకు క్షేమంగా ఉంది. ఆట మొదలుపెట్టే దిబ్బకు నూట యాభై గజాల దూరంలో, నేలకు తొంభై రెండు అడుగుల ఎత్తులో, తెల్లగా, కదలకుండా ఉంది. వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి సర్వేయరు వచ్చి కొలిచి, తేడా ఏమీ లేదని రాసి సంతకం పెట్టి వెళతాడు.

దాని కింది గడ్డిలో కలుపు తీసే పని నూకరత్నం తల్లి పైడమ్మది. ఆ క్లబ్బులో ఆమె ఇరవై ఆరేళ్లుగా కలుపు తీస్తోంది. కలుపు తీసేవాళ్లు పొద్దస్తమానం నేలను చూడాలి. పైడమ్మకు మాత్రం తొమ్మిదేళ్లుగా పైకి చూసే పని కూడా పడింది. కమిటీ ఏ క్షణాన నిర్ణయం తీసుకున్నా బంతి ఆ క్షణానే పడుతుంది కనుక క్లబ్బువారు ఆమెకు ఒక పసుప్పచ్చ హెల్మెట్టు ఇచ్చారు. పద్నాలుగు మంది ఆడకూలీల్లో హెల్మెట్టు ఉన్నది ఆమె ఒక్కతికే. తక్కినవాళ్లు చీర కొంగు నెత్తిన వేసుకుని, ఆమెను ఇంజినీరమ్మ అని పిలిచేవారు.

ఈ ఏడాది జూన్ ముప్పయ్యో తారీకుకు పైడమ్మకు అరవై నిండుతాయి. అరవై నిండినవాళ్ల దగ్గర గేటు పాసు వెనక్కి తీసుకుంటారు. పాసు లేనివాళ్లు లోపలికి రాకూడదు. బంతి పడేదాకా నూకరత్నం ఆటలో ఉన్నట్టే, ఆటలో ఉన్న మనిషి బయటికి పోకూడదు. కాబట్టి ఆ తారీకులోగా బంతి పడకపోతే తల్లీకూతుళ్లు ఇక ఒకరి మొహం ఒకరు చూసుకునే దారి లేదు. పైడమ్మకు నిజానికి ఎన్నేళ్లో ఎవరికీ తెలియదు. పనిలో చేరిన రోజు మేస్త్రి ఆమె ముంజేతులు చూసి ముప్పై నాలుగని రాశాడు. అవి చిన్నప్పటి నుంచి ఎండలో పని చేసిన చేతులు, అందుకని ఓ అయిదారేళ్లు ఎక్కువే పడి ఉండవచ్చు. కాని రాసిన వయసు రాసినట్టే పెరుగుతూ వచ్చింది.

బంతి ఆగిన వైనం రికార్డుల్లో వివరంగానే ఉంది. సోమవారం క్లబ్బుకు సెలవు. ఆ రోజున ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీలు మైదానంలో ఆడుకోవచ్చునని పాత ఆచారం. నూకరత్నం తల్లి వెంట వచ్చి, పారేసిన కర్రలతో క్యాడీల మధ్య ఆడి ఆట నేర్చింది. ఇరవై మూడేళ్లు వచ్చేసరికి క్యాడీలు ఆమెతో ఆడడం మానేశారు. ఓడిపోతున్నందుకు కాదు, సోమవారం ఒక్కటే సెలవు, అది కూడా ఓడిపోవడానికేనా అని. ఆమె ప్రొఫెషనల్ అర్హత పోటీలో నెగ్గి, క్లబ్బు టోర్నమెంటుకు దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు ఫారంలో ఆడా మగా అన్న గడి లేదు. నలభై ఏళ్లుగా ఆ గడి అవసరం పడలేదు. గుమాస్తా ఫారాన్ని రూలు ప్రకారం సరిచూసి, ఖాళీ గడులేవీ లేవు గనుక ముద్ర వేశాడు.

టోర్నమెంటు రోజున పేరు పిలిచారు. నూకరత్నం నీలం గుర్తుల దగ్గరకు వెళ్లి నిలబడింది. నీలం గుర్తులు మగవాళ్లవి. ఆడవాళ్లు కొట్టడానికి నలభై గజాలు ముందర ఎర్ర గుర్తులు ఉంటాయి. ఆమె వాటివైపు చూడను కూడా లేదు. కర్ర ఎత్తి కొట్టింది. బంతి లేచింది. అప్పుడు క్లబ్బు సెక్రెటరీ సీతాపతి గారు వరండాలోంచి "ఆగండి!" అని గట్టిగా అన్నారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నదో నమోదు కాలేదు. ఆటగాళ్లు ఆగలేదు, చూసేవాళ్లు ఆగలేదు, కాఫీలు పంచేవాళ్లు ఆగలేదు. బంతి ఆగింది.

తరువాత జరిగినదంతా రూలు ప్రకారమే జరిగింది. బంతి నేల మీద నిలకడకు వచ్చేదాకా దెబ్బ పూర్తయినట్టు కాదు. దెబ్బ పూర్తి కానంతవరకు ఆటగాడు ఆటలో ఉన్నట్టు లెక్క. ఆటలో ఉన్న ఆటగాడు మైదానం వదిలిపోకూడదు. నూకరత్నం దిబ్బ మీదే ఉండిపోయింది. వెనక ఉన్నవాళ్లు ఆమెను దాటి ఆడుకోవడానికి అనుమతి అడిగారు. ఆమె మర్యాదగా పక్కకు జరిగింది. ఆ సాయంత్రం ఆమెకు నాలుగు కర్రలు పాతి టార్పాలిను కట్టారు. ఆ వారంలో నవారు మంచం వేశారు. స్నానాల గదికి వెళ్లి రావడానికి ముప్పై గజాల దారి సున్నంతో గీసి, ఆ దారి మైదానంలో భాగమేనని తీర్మానం చేశారు. క్లబ్బువాళ్లు ఆమె పట్ల ఏనాడూ అమర్యాదగా నడుచుకోలేదు. ఆటగాళ్లందరినీ పిలిచినట్టే ఆమెనూ 'గారు' అనే పిలిచేవారు. దీపావళికి స్వీటు పెట్టె పంపేవారు.

కమిటీ కూడా ఊరికే కూర్చోలేదు. మొదటి ఏడాదిలోనే పదకొండుసార్లు సమావేశమైంది. ఆమె గెలిస్తే మగవాళ్ల పోటీకి విలువేముంటుందని ఒక సభ్యుడు అడిగాడు. ఓడిపోతే ఆడవాళ్లకు విలువేముంటుందని ఇంకో సభ్యుడు బాధపడ్డాడు. రెండు ప్రశ్నలూ న్యాయంగానే ఉన్నాయని మినిట్సులో రాశారు. ఆమె ఎర్ర గుర్తుల నుంచి కొడితే మగవాళ్లకు అన్యాయం. నీలం గుర్తుల నుంచి కొడితే ఎర్ర గుర్తులకు అవమానం. డాక్టరైన ఒక సభ్యుడు ఆమె భుజాల కొలత తీసుకుని, కొలత బాగానే ఉందిగాని దాన్నిబట్టి ఏమీ చెప్పలేమని రాసిచ్చాడు. ఆమె మూలంగా చోటు పోయిన మగ ఆటగాడు ఒకడున్నాడని, అతనికి సంసారం ఉందని మరో సభ్యుడు గుర్తు చేశాడు. అతన్ని పిలిపించి విచారించారు. తనకు ఆ వారం జ్వరమని, ఎలాగూ వచ్చేవాణ్ణి కాదని అతను చెప్పాడు. అయినా సూత్రం సూత్రమే అన్నారు.

మహిళల గోల్ఫ్ సంఘానికి ఉత్తరం రాస్తే వాళ్లూ వెంటనే జవాబిచ్చారు. బాగా ఆడే ఆడవాళ్లందరూ మగవాళ్ల పోటీలకు పోతే తమ పోటీలు ఎవరు చూస్తారని, నూకరత్నం మీద తమకు ఎంతో గర్వంగా ఉందని, బంతిని అక్కడే ఉంచవలసిందని రాశారు. విమానాశ్రయం వాళ్లు తొంభై రెండు అడుగుల ఎత్తు తమ పరిధిలోకి రాదని రాశారు.

ఏటా టోర్నమెంటు మాత్రం ఆగకుండా జరిగేది. మూడో ఏట ఒక చిక్కు వచ్చింది. గోల్ఫులో అందరికన్నా తక్కువ దెబ్బలు కొట్టినవాళ్లు గెలిచినట్టు. నాలుగు రోజుల ఆట ముగిసేసరికి అందరికన్నా మంచి ఆటగాడు రెండు వందల డెబ్బై ఒక్క దెబ్బలు కొట్టాడు. నూకరత్నం కార్డులో ఒక్క దెబ్బే ఉంది. బోర్డు మీద ఆమె పేరు అన్నిటికన్నా పైన వచ్చింది. గెలిచిన ఆటగాడు కప్పు పట్టుకుని ఫొటో దిగుతుంటే, వెనక బోర్డులో ఆమె పేరు కనబడింది. మరుసటి ఏడాది నుంచి ఆమెకు విడిగా ఒక చిన్న బోర్డు పెట్టి, దాన్ని సామాన్ల గది పక్కన నిలబెట్టారు. దాని మీద 'పైలా నూకరత్నం — ఆటలో ఉన్నారు' అని ఉండేది.

బంతి పడాల్సి వస్తే ఎక్కడ పడాలన్న దాని మీద ఇంకో ఉపసంఘం వేశారు. ఆగిన బంతికి మళ్లీ ముందుకు పోయే హక్కు ఉంటుందా, లేక ఉన్నచోటనే నిట్టనిలువుగా పడాలా అన్నది ప్రశ్న. అది తేలేదాకా బంతికి సరిగ్గా కింద సున్నంతో ఒక వలయం గీశారు. గణాంకాల పుస్తకంలో, మగవాళ్ల పోటీలో ఆడమనిషి కొట్టిన అత్యధిక దూరం నూట యాభై గజాలని, ఇది తాత్కాలికమని రాశారు. ఆడవాళ్లు మగవాళ్లతో ఆడవచ్చునా అన్న చర్చ ఎక్కడ జరిగినా ఆ నూట యాభై గజాల లెక్క చూపించేవారు. మగవాళ్లు సగటున రెండు వందల ఎనభై కొడతారు. చర్చ అక్కడితో అయిపోయేది.

పైడమ్మకు ఈ చర్చలేవీ అర్థం కాలేదు, కావాలని ఆమె కోరుకోనూ లేదు. మనుషులు వెళ్లిపోవడం అంటేనే ఆమెకు భయం. భర్త పారాదీపు రేవులో పని ఉందని లారీ ఎక్కాడు, వారంలో వస్తానన్నాడు. తమ్ముడు సూరత్ వెళ్లాడు. పెద్ద కూతురు పెళ్లై రాయగడ పోయి, మొదటి కాన్పులో పోయింది. వెళ్లొస్తానన్నవాళ్లెవరూ ఆమెకు మళ్లీ కనబడలేదు. ఆ లెక్కన దిబ్బ మీద నిలబడిపోయిన కూతురు ఒక్కతే ఆమెకు మిగిలింది. ఎక్కడికీ వెళ్లడానికి వీల్లేని కూతురు. మొదటి రెండేళ్లూ పైడమ్మ లోలోపల ఆ బంతికి దణ్ణం పెట్టుకుందని చెబితే తప్పు కాదు.

ఆమె రోజూ మధ్యాహ్నం కూతురికి అన్నం క్యారేజీ తెచ్చేది. కాని కూలీలు దిబ్బ ఎక్కకూడదు, కలుపు ఉంటే తప్ప. దిబ్బ మీది గడ్డి దువ్వినట్టు ఉంటుంది, అక్కడ కలుపు మొలవదు. అయినా తొమ్మిదేళ్లుగా రోజూ అక్కడ ఒక తుంగ మొక్క కనబడుతూనే వచ్చింది. పనిముట్ల కొట్టు వెనక నుంచి పైడమ్మ సాయంత్రం ఎవరూ చూడకుండా ఒక మొక్కను వేరుతో సహా పెళ్లగించి తెచ్చి, కూతురి మంచం కోడు పక్కన నాటిపోయేది. మర్నాడు మధ్యాహ్నం దాన్ని పీకడానికి దిబ్బ ఎక్కేది. పీకడానికి అరగంట పట్టేది. ఆ అరగంటలో కూతురు తినేది.

ఇది పక్కింటి ఎర్నమ్మకు తెలుసు. ఆమె కూడా కలుపు తీసేదే.

"ఇంజినీరమ్మా, నీ కూతురు కాళ్ల కింద రోజుకో తుంగ మొలుస్తాదేటే? బంగారం లాటి నేల. మా ఇంటెనకాల నాటితే కొత్తిమీరే మొలవదు."

"నోర్మూసుకోయే. మేస్త్రి ఇంటాడు."

"మేస్త్రికి తెలీదనుకుంటన్నావేటి? రాసుకుంటన్నాడు. దిబ్బ మీద కలుపు, ఒకటి. దిబ్బ మీద కలుపు, ఒకటి. తొమ్మిదేళ్లకి ఎన్నైనాయో సూసుకో, పొలం ఏసీవచ్చు."

మే నెల దాటింది. పైడమ్మ రోజూ వలయంలో కూర్చుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసేది. పడు, పడు అనుకునేది. ఒకసారి ఆమె అనుకున్నదానికి బంతి కదిలినట్టే అనిపించింది. అది బంతి మీద వాలిన గోరింక. అది కాసేపు కూర్చుని, రెట్ట వేసి, ఎగిరిపోయింది.

జూన్ పద్దెనిమిదిన సెక్రెటరీ సీతాపతి గారు ఆమెను ఆఫీసుకు పిలిచారు. ఆయన మంచి మనిషి. కూలీల పిల్లలకు పుస్తకాలు కొనిస్తారు. ఆయన బల్ల మీద రెండు ఫైళ్లు ఉన్నాయి, ఒకటి లావుది, ఒకటి సన్నది.

"పైడమ్మా, ముప్పయ్యో తారీకున నీ పాసు ఇచ్చేయాలి. తెలుసుగా?"

"తెలుసు బాబూ. బంతి అప్పటికి పడతాదేటి?"

"ఈ సమావేశంలో ఆ అంశం రాలేదమ్మా. వచ్చే సమావేశం డిసెంబర్లో. నాకూ ఇలా ఉండిపోవడం ఇష్టం లేదు. పిల్లను చూస్తే నాకూ బాధగానే ఉంటుంది. అందుకే ఒక దారి వెతికాను." ఆయన సన్న ఫైలు తెరిచారు. అందులో ఒకే కాగితం ఉంది. "నూకరత్నం గారు ఈ ఫారం మీద సంతకం పెడితే, అదే రోజున నీతోపాటు ఇంటికి రావచ్చు."

"ఏటుంది బాబూ అందులో?"

"తాను బంతిని కొట్టలేదని ఉంది."

పైడమ్మ కాగితం వంక చూసింది. ఆమెకు చదువు రాదు.

"కొట్టింది కదా బాబూ?"

"కొట్టింది కాబట్టే గదా అది గాల్లో ఉంది. కొట్టలేదంటే గాల్లో ఉండడానికి బంతే ఉండదు. బంతి లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే ఆమె ఆటలో లేనట్టే. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఇంట్లోవాళ్లు ఒకరు సాక్షి వేలిముద్ర వేయాలి. ఎవరైనా అడిగితే ఇంట్లోవాళ్లూ అదే మాట చెప్పాలి. అంతే."

లావు ఫైలును ఆయన తెరవలేదు. దాని మీద చెయ్యి మాత్రం పెట్టారు. "ఇది దిబ్బ మీద కలుపు రిజిస్టరు. దీన్ని పైకి పంపమని మేస్త్రి అడుగుతున్నాడు. బంతే లేకపోతే దిబ్బ మీద మనిషి లేదు, మనిషి లేకపోతే ఈ మొక్కలూ ఉండవు. ఇదీ ఉండదు. నేను నిన్ను భయపెట్టడం లేదమ్మా. మంచి చెడ్డా చెబుతున్నాను."

పైడమ్మ పన్నెండు రోజులు కాగితాన్ని జాకెట్టులో పెట్టుకు తిరిగింది. అన్నం పెట్టే అరగంటలో ఎన్నోసార్లు తీద్దామనుకుని తీయలేదు. ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం, క్యారేజీ విప్పి, చేపల పులుసు అన్నంలో వేసి, అప్పుడు తీసింది. అది నాలుగు మడతల దగ్గరా చెమటకు మెత్తబడి ఉంది.

నూకరత్నం తింటూనే చదివింది. ఆమెకు ముప్పై రెండేళ్లు. ఎండకు మొహం నల్లబడింది. కుడిచేతిలో కర్ర పట్టుకుని నిలబడడం అలవాటై, భుజం ఒకటి కొంచెం కిందికి దిగింది.

"ఇదెవులిచ్చారమ్మా?"

"సెక్రెటరీ బాబు. ఒలే, సంతకం ఎట్టీ."

"ఏటని ఎట్టమంటావు? కొట్టనేదనా?"

"కొట్టనేదనే."

"కొట్టినాను కదా."

"కొట్టినావు. నాకు తెలుసు, నీకు తెలుసు, ఆ ఎర్నమ్మకీ తెలుసు. తెలిసినదానికి మళ్లీ బంతెందుకే సాచ్చికం?"

నూకరత్నం చేప ముల్లు తీసి క్యారేజీ మూతలో పెట్టింది. "అమ్మా, ఆయన ఆగండి అన్నప్పుడు అది ఇంకా పైకే ఎల్తోంది. కిందికి తిరగనేదు. నూట యాభై గజాలు కాదు అది. రెండొందల యాభై కొట్టినాను నాను. కొంచెం ఎక్కువే ఉంటాది. చేతికి తెలుస్తాది కదా."

"ఎవులు సూసినారు?"

"ఎవులూ సూడనేదు. అందుకే పడాలంటన్నాను. గెలిపించమని అడగనేదు నాను. ఆడనిచ్చి ఓడించమను. ఓడిపోయిందని రాసుకోమను. నాకేటి బాధ?"

"ఓడిపోడానికి తొమ్మిదేళ్లు నిలబడ్డావేటే!"

"మరేటి." నూకరత్నం నవ్వింది. ఆ నవ్వు చూసి పైడమ్మకు ఇంకా భయం వేసింది.

"రేపట్నుంచి అన్నం ఎవులు తెస్తారు నీకు?"

"క్లబ్బు వంటింట్లోంచి పంపుతామన్నారు. రొట్టె ముక్కల మధ్య దోసకాయ ఎట్టి ఇస్తారు కదా, అది."

"దోసకాయ రొట్టె తిని బతికీస్తావేటే? పులుసు ముద్ద నేకపోతే నిద్రోవు నువ్వు." పైడమ్మ గొంతు గట్టిగానే మొదలైంది, తరువాత సన్నబడింది. "డిసెంబర్లో పడతాదని ఏటి గేరంటీ? పడితే నువ్వు రెండో దెబ్బ కొట్టాలి, మూడోది కొట్టాలి. దానికీ కమిటీ ఎయ్యరేటి? నానెవుల్ని సాగనంపినా మళ్లీ మొకం సూడనేదు. ఇయ్యాల నిన్నొదిలీసి గేటు దాటితే, నిన్ను కూడా సూడను. అది కాయం. నాకు బంతి అక్కర్నేదు. నువ్వు కావాలి. అంతేనే. తప్పా?"

నూకరత్నం చేయి కడుక్కుంది. పైకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. దూరాన్ని అంచనా కట్టేటప్పుడు ఆటగాళ్లు అలాగే కళ్లు చిట్లించి చూస్తారు. తరువాత తల్లిని చూసింది. పైడమ్మ హెల్మెట్టు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. జుట్టు చెమటకు నెత్తికి అంటుకుపోయి ఉంది.

"ఎక్కడ ఎట్టాలి?" అంది నూకరత్నం.

సెక్రెటరీ గారు కలమూ, వేలిముద్రల సిరా పెట్టె పట్టుకుని చెట్టు నీడలో నిలబడి ఉన్నారు. ఆయన వచ్చి దిబ్బ మీద మోకాళ్ల మీద కూర్చుని, కాగితం కింద అట్ట పట్టారు. నూకరత్నం సంతకం పెట్టింది. పైడమ్మ బొటనవేలు అద్దింది. అద్దుతూనే పైకి చూసింది, పడబోయే బంతిని చూద్దామని. అక్కడ బంతి లేదు. పడలేదు, ఎగిరిపోలేదు, ఉన్నచోట లేదు, అంతే. ఆకాశం ఆ మేరకు బాగా శుభ్రంగా ఉంది.

"మంచిది నూకరత్నం," అన్నారు సెక్రెటరీ గారు. "ఇక నువ్వు దిగు. వెనక ఆటగాళ్లు వచ్చేస్తున్నారు. ఆ మంచం సంగతి మా వాళ్లు చూసుకుంటారు."

తొమ్మిదేళ్లుగా ఆయన ఆమెను 'మీరు' అంటూ వచ్చారు. ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు. నూకరత్నం కర్రను అక్కడే ఆనించి దిగింది. ముప్పై గజాల దాకా బాగానే నడిచింది. ఆ తరువాత కాళ్లు ఆగిపోయాయి. పైడమ్మ రెక్క పట్టుకుని గేటుదాకా నడిపించింది. గేటు దగ్గర పాసు ఇచ్చేసింది. అక్కడి గుమాస్తా ఆమె కూతురి పాసు కూడా అడిగాడు. ఆమె లోపలికి వచ్చినట్టే లేదు గనుక పాసు ఉండదని తేల్చుకుని, రిజిస్టరులో ఒక్కరే బయటికి వెళ్లినట్టు రాశాడు.

వారం రోజుల్లో రికార్డులు సరిచేశారు. తొమ్మిదేళ్ల ఫలితాల్లో నూకరత్నం పేరున్న పంక్తి తీసేశారు. సామాన్ల గది పక్కనున్న చిన్న బోర్డు మీద 'చెప్పులు ఇక్కడ విడువవలెను' అని రాయించారు. నూట యాభై గజాల లెక్క మాత్రం గణాంకాల పుస్తకంలో ఉండిపోయింది. అది ఎవరు కొట్టగా తేలిందో అక్కడ మొదటే రాయలేదు కనుక దాన్ని తీయవలసిన అవసరం కనిపించలేదు. క్లబ్బు స్వర్ణోత్సవ సంచికలో సెక్రెటరీ గారు ఒక వ్యాసం రాశారు. మగవాళ్ల పోటీలో పాల్గొనడానికి ఇంతవరకు ఏ మహిళా ముందుకు రాలేదని, వస్తే క్లబ్బు విశాల హృదయంతో ఆలోచిస్తుందని అందులో ఉంది. పైడమ్మ ఖాళీ చేసిన కలుపు పని నూకరత్నానికి ఇచ్చారు. ఆమె బాగా చేస్తుందని, తల ఎత్తదని మేస్త్రి మెచ్చుకున్నాడు.

పైడమ్మకు నెమ్మది దొరికింది. రోజూ సాయంత్రం అయిదింటికి కూతురు ఇంటికి వచ్చేది. వెళ్లొస్తానని చెప్పి వెళ్లిన మనిషి తిరిగి రావడం ఆమె జీవితంలో అదే మొదలు. మొదటి నెల రోజూ ఆమె వీధిలోకి వచ్చి నిలబడి చూసేది. రెండో నెలలో లోపలే ఉండి గొళ్లెం చప్పుడు వినేది.

ఆగస్టులో ఒక సోమవారం జిల్లా ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. పేరు పద్మలత అని చెప్పింది. నలభై దాటిన మనిషి, చేతిలో ఫారాల కట్ట. ఆటల్లో ఆడవాళ్ల సంగతి మీద వివరాలు రాసుకుంటోంది. అరుగు మీద పైడమ్మ, ఎర్నమ్మ, నూకరత్నం వేరుసెనక్కాయలు ఒలుస్తున్నారు.

"ఈ వాడలో ఎవరో అమ్మాయి క్లబ్బులో మగవాళ్ల పోటీలో బంతి కొట్టిందని, అది చాలా ఏళ్లు గాల్లో ఉందని విన్నానండి. మీకేమైనా తెలుసా?"

ఎర్నమ్మ పైడమ్మను చూసింది. పైడమ్మ కాయలను చూసింది.

"నేదమ్మా. అలాటిదేటీ జరగనేదు," అంది పైడమ్మ. "ఎవులో సెప్పుకుంటారు."

"ఈ అమ్మాయి?"

"నా కూతురు. కలుపు తీస్తాది."

"గోల్ఫ్ ఆడతావా అమ్మా?" అని పద్మలత నూకరత్నాన్నే అడిగింది.

నూకరత్నం నోరు తెరిచింది. కాని పైడమ్మే ముందు అందుకుంది. "దానికి ఆ ఆటేటో కూడా తెలీదు తల్లీ. ఎండలో వచ్చినావు, కూకో. ఒలే, మంచినీళ్లు అట్టుకురా."

నూకరత్నం లేచి లోపలికి వెళ్లింది. పద్మలత ఫారంలో 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి, కట్ట మడిచింది. వెంటనే లేవలేదు. కొంగుతో మెడ తుడుచుకుంది.

"నిజమైతే బావుండునని వచ్చానండి. నాదీ ఒకటి ఉంది. ఏడేళ్ల కిందట ఆఫీసు మీటింగులో ఒక మాట అన్నాను. మా పైఆఫీసరు ఒక్క నిమిషం అని చెయ్యి చూపించారు. ఇంకా అక్కడే ఉంది, బల్లకు పైన, ఫ్యానుకు కింద. ఎవరికీ చేరలేదు. రోజూ దాని కిందే కూర్చుంటాను. అనలేదని రాసిచ్చేస్తే మా సొంతూరికే బదిలీ చేస్తామంటున్నారు. మా అమ్మ సంతకం పెట్టెయ్యమని ఒకటే పోరు. మీరైతే ఏం చేస్తారు?"

ఎర్నమ్మ ఏదో జోకు వెయ్యబోయి, వెయ్యకుండా కాయ ఒలిచింది. నూకరత్నం మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి ఆగింది.

"ఎట్టీ తల్లీ," అంది పైడమ్మ ఆప్యాయంగా. "అమ్మ మాట ఇను. ఆయిగా ఉంటాది."

నూకరత్నం ముందుకు వచ్చి గ్లాసు అందించింది. పద్మలత నీళ్లు తాగి, ఆ మంచి మాటకు పైడమ్మకు నమస్కారం పెట్టి, బస్సు వేళయిందని వెళ్లిపోయింది.